కర్నూలు దగ్గర హైవే దిగి చిన్న రోడ్ల మీద అనంతపురం వెళ్తే దారిలో చూడదగ్గవి ఏమున్నాయి?

ప్రశ్న – బాటసారి

నమస్కారం. జనవరిలో హైదరాబాదు నుంచి బెంగళూరుకు కారులో వెళ్తున్నాము. నాతో మా అమ్మగారు, నా భార్య, బడికి వెళ్ళే ఇద్దరు పిల్లలు ఉంటారు. ఇంతకు ముందు ఎప్పుడు వెళ్ళినా 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని, టోల్‌గేట్లు దాటుకుంటూ, మధ్యలో ఒక ధాబా దగ్గర ఆగి, చీకటి పడేలోగా ఊరు చేరడమే జరిగింది. అంత దూరం రాయలసీమ నేల మీదనే ప్రయాణించినా, అక్కడి ఊళ్ళ గురించి మా పిల్లలకు పచ్చ బోర్డుల మీద చదివిన పేర్లు తప్ప మరేమీ తెలియదు. ఈసారి కర్నూలు దగ్గర హైవే దిగి, రెండు రోజులు చిన్న రోడ్ల మీద నిదానంగా తిరిగి, అనంతపురం దగ్గర మళ్ళీ హైవే ఎక్కాలని అనుకుంటున్నాను.

గండికోట గురించి అడిగిన ప్రతివారూ చెబుతున్నారు కనుక దానిని పక్కన పెట్టండి. వింతైన రాళ్ళు, గుహలు, కథ ఉన్న గుళ్ళు, దారిలో ఆగి చూడాలనిపించేవి ఏవైనా సరే చెప్పండి. శ్రీశైలం జలాశయంలో మునిగి తేలే సంగమేశ్వరాలయాన్ని జనవరిలో చూడవచ్చా? మా అమ్మగారికి మోకాళ్ళ నొప్పులు ఉన్నందున ఎక్కువ మెట్లు ఎక్కలేరు.

సమాధానం – సీమ పల్లెవాసి

బాటసారి గారూ, ముందుగా సంగమేశ్వరం సంగతి. జలాశయంలో నీటిమట్టం బాగా తగ్గిన తరువాత, అంటే ఎండాకాలం దగ్గర పడ్డాకనే ఆ గుడి బయటపడుతుంది. సాధారణంగా జనవరిలో అది నీటి అడుగునే ఉంటుంది కనుక ఈసారికి దానిని వదిలేయండి.

మీరు తిరగవలసిన దారి ఇది: కర్నూలు, ఓర్వకల్లు, బేతంచెర్ల, బనగానపల్లె, యాగంటి, అవుకు, కొలిమిగుండ్ల, తాడిపత్రి, అనంతపురం. కర్నూలు నుంచి నంద్యాల రోడ్డు పట్టుకుంటే ఓర్వకల్లు దగ్గర రోడ్డు పక్కనే రాతివనం కనిపిస్తుంది. గాలివానలకు అరిగి, ఒకదాని మీద ఒకటి పేర్చినట్లు నిలబడిన ఆ బండల మధ్య నీటి మడుగులు ఉన్నాయి. పిల్లలకు అక్కడ గంటసేపు ఇట్టే గడిచిపోతుంది, అమ్మగారు కూడా ఎత్తు ఎక్కే పని లేకుండా చూడవచ్చు.

అక్కడి నుంచి బేతంచెర్ల వైపు తిరగండి. ఈ రోడ్డును ఏ పర్యాటక పుస్తకమూ చూడదగ్గ స్థలంగా రాయదు కానీ, నా దృష్టిలో మీ ప్రయాణం మొత్తానికి విలువైన భాగం ఇదే. ఊరు దగ్గర పడేకొద్దీ చేల చుట్టూ ముళ్ళకంప తగ్గిపోయి, నిలువుగా పాతిన నాపబండలే కంచెగా కనిపిస్తాయి. పశువుల కొట్టానికి గోడ అదే బండ, ఇంటికి కప్పు అదే బండ, అరుగు, మెట్టు, నీళ్ళ తొట్టి కూడా అదే. రోడ్డుకు రెండు వైపులా బండల ఫ్యాక్టరీలు ఉంటాయి. తిరిగే రంపం మీద నీళ్ళు ధారగా పడుతుండగా బండ కోసుకుపోతుంది, ఆ కోతలో వచ్చిన బూడిదరంగు బురద ఎండి గుట్టలుగా పడి ఉంటుంది. ఒక ఫ్యాక్టరీ ముందు కారు ఆపి, చూడవచ్చునా అని మర్యాదగా అడగండి. మా వైపు మనుషులు కాదనడం అరుదు. గరుకుగా ఉన్న పలక పాలిష్ అయ్యేసరికి నల్లగా, నున్నగా మారడం పిల్లలు కళ్ళారా చూస్తే, తమ ఇంటి గచ్చు ఎక్కడి నుంచి వచ్చి ఉంటుందో వాళ్ళకు అర్థమవుతుంది.

యాగంటిలో ఉమామహేశ్వరస్వామి గుడి కొండ పాదాన ఉంది. కొండలోంచి వచ్చే నీరు నంది నోటి గుండా కోనేటిలో పడుతూనే ఉంటుంది. మంటపంలోని బసవన్న పెరుగుతున్నాడనీ, ఒకప్పుడు చుట్టూ ప్రదక్షిణ చేయడానికి చోటు ఉండేదనీ, ఇప్పుడు స్తంభం అడ్డం వస్తున్నదనీ పెద్దలు చెబుతారు. కలియుగాంతంలో ఆ బసవన్న లేచి రంకె వేస్తాడని వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞానంలో చెప్పినట్లు మా ప్రాంతంలో గట్టి నమ్మకం. ఆయన కూర్చుని కాలజ్ఞానం రాశాడని చెప్పే రవ్వలకొండ కూడా బనగానపల్లె దగ్గరే ఉంది. అగస్త్యుని శాపం వల్ల యాగంటిలో కాకులు వాలవని మరొక కథ. పైనున్న గుహలకు మెట్లు ఎక్కాలి కనుక అమ్మగారిని కోనేటి దగ్గర కూర్చోబెట్టి మీరు వెళ్ళి రండి.

బెలుం గుహలు కొలిమిగుండ్ల మండలంలో ఉన్నాయి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త వీటి గురించి రాశాడు, 1980లలో డేనియల్ గెబావర్ నాయకత్వంలో జర్మన్ బృందం లోపలంతా తిరిగి కొలతలు తీసింది, 2002లో పర్యాటకులకు తెరిచారు. పొడవు 3 కిలోమీటర్లకు పైనే అయినా చూడనిచ్చేది అందులో సుమారు సగం. పైన ఎండిన చేను, మధ్యలో బావిలాంటి గుంత, మెట్లు దిగితే సున్నపురాతిని నీరు లక్షల ఏళ్ళ పాటు కరిగించి చేసిన నల్లటి సొరంగాలు. గుహ లోపల పాతాళగంగ అనే చోట సన్నని నీటిపాయ రాతి అడుగుకు జారి కనిపించకుండా పోతుంది. లోపల ఉక్కగా ఉంటుంది కనుక నూలు బట్టలు వేసుకోండి. అమ్మగారిని మాత్రం దింపవద్దు.

సమాధానం – శాసనాల ప్రేమికుడు

పై మిత్రులు చెప్పిన దారి చక్కగా ఉంది, దానికి ఒక చోటు కలుపుతాను. బనగానపల్లె ప్రాంతంలోనే జుర్రేరు వాగు లోయలో జ్వాలాపురం అనే ఊరు ఉంది. సుమారు 74,000 ఏళ్ళ క్రితం ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో తోబా అగ్నిపర్వతం బద్దలైనప్పుడు ఎగసిన బూడిద సముద్రం దాటి వచ్చి ఇక్కడ పడింది. కొన్ని చోట్ల ఆ పొర మందం రెండు మీటర్లకు పైగా ఉన్నది. పురావస్తు శాస్త్రవేత్తలు రవి కొరిశెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా బృందం తవ్వి చూసినప్పుడు ఆ బూడిదకు కిందా పైనా కూడా రాతి పనిముట్లు దొరికాయి. అంతటి విపత్తుకు ముందూ తరువాతా ఈ లోయలో మనుషులు బతికారని చెబుతూ వారు 2007లో ప్రచురించిన పరిశోధనతో ఈ చిన్న పల్లె పేరు ప్రపంచమంతా తెలిసింది. ఆ తెల్లటి మట్టిని పాత్రలు తోమే పొడి కోసం తవ్వి అమ్ముకున్నారు కూడా. అక్కడ టికెట్టు ఇచ్చే గది కానీ, గైడు కానీ ఉంటారని ఆశించకండి. ఊళ్ళో పెద్దవారిని అడిగి, వారు చూపిన చోట, తవ్విన గుంత అంచున నిలబడి పొరలను చూడండి. పిల్లలను ఆ పొరల్లోంచి ఏదీ తీయనివ్వకండి. మిగిలిన కొద్దిపాటి బూడిదైనా అక్కడే ఉండాలని నా కోరిక.

తిరుగు ప్రయాణంలో వీలైతే గుత్తి దగ్గర హైవే దిగి పత్తికొండ రోడ్డు పట్టుకోండి. దారిలో ఎర్రగుడి దగ్గర బండల మీద అశోకుని శాసనాలు ఉన్నాయి. 1929లో అనూ ఘోష్ అనే భూగర్భ శాస్త్రవేత్త వీటిని గుర్తించారు. ఇక్కడి చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, మరికొన్ని కుడి నుంచి ఎడమకు, నాగలి చాలు మలిపినట్లు సాగుతాయి. బ్రాహ్మీ లిపిలో ఇది చాలా అరుదు. అశోకుని మాట మన నేల మీద రెండు వేల సంవత్సరాలకు పైగా ఎండకూ వానకూ నిలిచి ఉండగా, పక్కనే ఉన్న హైవే మీద రోజూ వెళ్ళే వేలమందికి ఆ సంగతి తెలియకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. ఆ రోడ్డులోనే ముందుకు వెళ్తే జొన్నగిరి వస్తుంది. తొలకరి వానలు పడగానే చేలల్లో వజ్రాల కోసం జనం వెతుకుతూ తిరిగేది అక్కడే, కానీ మీరు వెళ్ళే నెలలో ఆ సందడి ఉండదు.

సమాధానం – తాడిపత్రి ఆడపడుచు

అమ్మగారి కోసం నా మాట కూడా వినండి. తాడిపత్రిలో పెన్న ఒడ్డున ఉన్న బుగ్గ రామలింగేశ్వరస్వామి గుడికి కొండ ఎక్కే పని లేదు. బుగ్గ అంటే నీటి ఊట, లింగం దగ్గర అది ఉన్నందువల్లనే స్వామికి ఆ పేరు. పూర్తికాని గోపురాల కింది భాగం మీద వేలెడు చోటు కూడా వదలకుండా చెక్కారు. చింతల వెంకటరమణస్వామి గుడిలో రాతిరథం ఉంది. ఈ రెండు గుళ్ళూ విజయనగర రాజుల కింద ఈ ప్రాంతాన్ని ఏలిన పెమ్మసాని వారి కాలం నాటివి. రెండవ రోజు సగం ఇక్కడే గడపండి. పొద్దున్నే చిన్న హోటల్లో ఉగ్గాని, బజ్జీ తినండి. నానబెట్టిన బొరుగులకు తిరగమోత పెట్టి, పుట్నాల పొడి చల్లి ఇస్తారు, పక్కన మిరపకాయ బజ్జీ వేడిగా ఉండాలి.

సమయం మిగిలితే అనంతపురం నుంచి కదిరి వైపు వెళ్ళి తిమ్మమ్మ మర్రిమాను చూడండి. 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కిన ఆ ఒక్క చెట్టు సుమారు అయిదెకరాల మేర ఊడలు దింపుకుని ఉంది. అమ్మగారు నీడన నిదానంగా నడవవచ్చు.

బాటసారి

అందరికీ కృతజ్ఞతలు. మా అమ్మగారు తాడిపత్రి, మర్రిమాను రెండూ ఖాయం చేశారు. మా పెద్దవాడు జ్వాలాపురం వెళ్ళి తీరాలంటున్నాడు. మాది మామూలు చిన్న కారు. ఆ రోడ్ల మీద ఇబ్బంది ఉంటుందా?

సమాధానం – సీమ పల్లెవాసి

తారురోడ్డు మీద ఉన్నంతసేపు ఇబ్బంది లేదు. జనవరిలో కంది కోతలు సాగుతుంటాయి కనుక రైతులు కోసిన కందికట్టెను రోడ్డు మీదనే పరుస్తారు. వాహనాలు తొక్కితే కాయ పగిలి గింజ రాలుతుందని వారి ఉద్దేశం. నెమ్మదిగా దాటండి, కానీ కట్టె మీద కారు ఆపకండి. బండి వేడికి ఎండుకట్టె అంటుకునే ప్రమాదం ఉంది. బేతంచెర్ల వైపు బండల లారీలు బరువుతో వస్తాయి, వాటికి దారి ఇచ్చి వెనక దూరంగా ఉండండి. ఒకవేళ వాన పడితే తారు వదిలి చేల దారిలోకి దిగవద్దు, నల్లరేగడిలో దిగబడిన చక్రం ట్రాక్టరు వస్తే గాని బయటికి రాదు. పెట్రోలు కర్నూలులోనే నింపుకుని, రాత్రి బసకు బనగానపల్లెలో కానీ తాడిపత్రిలో కానీ పొద్దు వాలకముందే చేరుకోండి. గుహలు సాయంత్రం తొందరగా మూసేస్తారు కనుక మొదటి రోజు ఆలస్యమైతే బెలుం మరునాటి ఉదయానికి పెట్టుకుని, అక్కడి నుంచి నేరుగా తాడిపత్రి వెళ్ళండి.