గోమిని: గోము నుంచి వచ్చిన పేరేనా?

మొన్న కందుకూరులో మా అక్క మనవరాలికి బారసాల చేశారు. పళ్లెంలో బియ్యం పరిచి ఉంగరంతో ‘గోమిని’ అని రాశారు. గోముగా పెరగాలని ఆ పేరు పెట్టి ఉంటారని వచ్చినవాళ్లు అనుకున్నారు. గోము నుంచే గోమిని వచ్చిందని ఒక మిత్రులు కూడా చెప్పారు. వినసొంపుగానే ఉంది కానీ సరికాదు. గోము మన తెలుగు మాట, గోమిని సంస్కృతం.

గోమిన్ అంటే గోవులు గలవాడు. సంస్కృత వ్యాకరణం రాసిన పాణిని అష్టాధ్యాయి 5.2.114 సూత్రంలో ఈ రూపాన్ని సిద్ధంగానే ఇచ్చాడు. బౌద్ధ వైయాకరణుడు చంద్రగోమి పేరు చివర ఉన్నదీ ఇదే. స్వామికి స్వామిని ఎలాగో, గోమికి గోమిని అలాగ.

మాట పాతదే. దాన్ని ఒక కథానాయిక పేరుగా మనకు పరిచయం చేసినవాడు సంస్కృత కవి దండి. ఆయన దశకుమారచరితాన్ని కవి కేతన తెలుగు చేసి మన తిక్కనకే అంకితమిచ్చాడు కాబట్టి, నెల్లూరు వాళ్లకు ఈ పేరు మీద కాస్త హక్కుందని నా నమ్మకం.

కథలో కాంచీపురం వర్తకుడి కొడుకు శక్తికుమారుడు చెంగున కొద్దిపాటి వడ్లు మూటగట్టుకుని, వీటితోనే పూర్తి భోజనం పెట్టగల పిల్ల కోసం ఊరూరా తిరుగుతాడు. కావేరి ఒడ్డున తల్లిదండ్రులూ ఆస్తీ పోయి, దాదితో మిగిలిన గోమిని ఒప్పుకుంటుంది. వడ్లను ఎండబెట్టి, ఊక ముక్కలు కాకుండా మెల్లగా ఒలుస్తుంది. నగలకు మెరుగు పెట్టడానికి కంసాలులకు ఆ ఊక కావాలి. అది అమ్మి కట్టెలు, కుండ తెప్పిస్తుంది. మద్ది రోట్లో చండ్ర రోకలితో దంచి అన్నం వండుతుంది. పొయ్యిలో నిప్పులు ఆర్పి, ఆ బొగ్గులు అమ్మించి కూర, నెయ్యి, పెరుగు, చింతపండు సమకూర్చుకుంటుంది. నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ బొగ్గుల సంగతే. వరి పండించే పెన్నా ఒడ్డువాళ్లం, ఊక విలువ మనకు తెలియనిది కాదు.

ఇంట్లో ఒక్క ఆవు కూడా లేని పిల్లకు ‘గోవులు గలది’ అని పేరు పెట్టడం దండి తెలిసి చేసిన పనే అనిపిస్తుంది. ఈ పేరులో ఉన్నది గారాబం కాదు, యాజమాన్యం.

జనన ధ్రువపత్రంలో ‘గోమినీ’ అని దీర్ఘం పెట్టించవద్దని అక్కకు చెప్పాను. నదీ తెలుగులో నది అయినట్టే, ఇదీ గోమిని అవుతుంది.