మూడేళ్లు నిండేదాకా ఆగాలా, ఇప్పుడే మత్తు ఇప్పించవచ్చా?

సిరిమల్లె:

మా బాబుకు ఇప్పుడు ఏడు నెలలు. పుట్టినప్పటి నుంచి కుడివైపు వృషణం సంచిలోకి దిగలేదు. ఆరు నెలలు చూశాక, ఇక అది దానంతట అది దిగే అవకాశం చాలా తక్కువని, ఏడాది నిండేలోపు ఆపరేషన్ చేయించడం మంచిదని పిల్లల సర్జన్ చెప్పారు. గంటలో అయిపోయే ఆపరేషనే అయినా పూర్తి మత్తు ఇవ్వక తప్పదన్నారు. నా బెంగ ఆపరేషన్ గురించి కాదు, ఆ మత్తు గురించే. మూడేళ్లలోపు పిల్లలకు మత్తుమందు ఇస్తే మెదడు ఎదుగుదల మీద ప్రభావం పడవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లో హెచ్చరించిందని చదివాను. మా ఇంట్లో కొందరు మూడేళ్లు నిండాక చూద్దామంటున్నారు, కొందరు డాక్టరు చెప్పినట్లే చేద్దామంటున్నారు. రెండు వైపుల వాదనలూ తెలిసినవారు కారణాలతో సహా చెప్పాలని కోరుతున్నాను. "ఏమీ కాదు, భయపడకండి" అని ఇప్పటికే చాలామంది అన్నారు. ఆ మాటతో నాకు నిద్ర పట్టడం లేదు.

ముందుచూపు:

సిరిమల్లె గారూ, మీ భయానికి ఆధారం ఉంది. 2003లో అమెరికా శాస్త్రవేత్తలు ఏడు రోజుల ఎలుక పిల్లలకు మిడజోలామ్, నైట్రస్ ఆక్సైడ్, ఐసోఫ్లూరేన్ అనే మత్తుమందులు కలిపి ఆరు గంటల పాటు ఇచ్చి చూశారు. వాటి మెదడులో నాడీకణాలు పెద్దయెత్తున చనిపోయాయి. అవి పెద్దవయ్యాక నేర్చుకోవడంలోనూ గుర్తుంచుకోవడంలోనూ వెనకబడ్డాయి. ఆ తరువాత కోతి పిల్లల్లోనూ ఇలాంటి నష్టమే కనిపించింది. ఇందుకు కారణం ఊహకు అందనిదేమీ కాదు. మత్తుమందులు మెదడులోని గాబా, ఎన్‌ఎండీఏ అనే గ్రాహకాల మీద, అంటే నాడీకణాలు సంకేతాలను అందుకునే చోట్ల మీద పనిచేస్తాయి. నాడీకణాలు ఒకదానితో ఒకటి కలుస్తూ మెదడు రూపుదిద్దుకునే వయసులో ఆ ఎదుగుదలను నడిపించేవి కూడా ఆ గ్రాహకాలే. ఆ సమయంలో వాటిని మందుతో అడ్డుకుంటే ఏ మార్పూ ఉండదని ఎవరైనా నమ్మకంగా ఎలా చెప్పగలరు?

మీ బాబు ఆపరేషన్ ప్రాణం మీదికి వచ్చినది కాదు. ఆగగలిగిన చోట ఆగడమే తల్లిదండ్రుల బాధ్యత అని నా అభిప్రాయం. నన్ను ఇంకా బాధపెట్టే విషయం ఒకటుంది. మా అమ్మాయికి ఏడాదిన్నర వయసులో మత్తు ఇచ్చినప్పుడు ఈ హెచ్చరిక గురించి మాకు ఒక్కరూ చెప్పలేదు. సంతకం పెట్టించుకున్న కాగితంలో కూడా ఆ ప్రస్తావన లేదు.

మత్తువైద్యుడు:

పిల్లలకు మత్తు ఇవ్వడమే నా వృత్తి. నేను ఒక పక్షానికి చెందినవాడినని తెలిసే నా మాటను తూకం వేయండి.

మొదట ఆ హెచ్చరికలో ఏముందో పూర్తిగా చూద్దాం. మూడేళ్లలోపు పిల్లలకు మూడు గంటలకు మించి గానీ, పలుమార్లు గానీ మత్తు ఇస్తే మెదడు ఎదుగుదల మీద ప్రభావం ఉండవచ్చని 2016 డిసెంబరులో ఎఫ్‌డీఏ చెప్పింది. చివరి మూడు నెలల్లో ఉన్న గర్భిణులకు ఇచ్చినా కడుపులోని బిడ్డకు అదే వర్తిస్తుందంది. ఒకే ఒక్కసారి, కొద్దిసేపు ఇచ్చే మత్తు వల్ల ప్రవర్తన మీదా చదువు మీదా చెడు ప్రభావం ఉండే అవకాశం తక్కువని కూడా ఆ ప్రకటనలోనే ఉంది. అవసరమైన ఆపరేషన్‌ను ఈ కారణంతో వాయిదా వేయమని అది చెప్పలేదు. పత్రికల శీర్షికల్లో మొదటి మాటే మిగిలింది, తక్కినవి రాలిపోయాయి.

ఎలుకల ప్రయోగాలను నేను కొట్టిపారేయను. కానీ ఎలుక మెదడు కొన్ని వారాల్లో పూర్తిచేసుకునే ఎదుగుదలకు మనిషి మెదడు ఏళ్లు తీసుకుంటుంది. ఆ లెక్కన ఎలుక పిల్లకు ఇచ్చిన ఆరు గంటలు మన బిడ్డకు ఇచ్చే ఒక గంటకు సమానం కావు. పైగా మనం బిడ్డకు మత్తు ఇస్తున్నంతసేపూ ఆక్సిజన్, రక్తపోటు, ఒంటి వేడి, రక్తంలో చక్కెర కనిపెట్టుకుని ఉంటాం. అంత చిన్న ప్రాణిలో ఇవన్నీ కనిపెట్టడం కష్టం.

అందుకే పసిపిల్లల్లోనే పరీక్షించి చూడవలసి వచ్చింది. గాస్ అనే అధ్యయనంలో ఏడు దేశాల్లోని 28 ఆసుపత్రుల్లో హెర్నియా ఆపరేషన్ అవసరమైన 722 మంది శిశువులను చీటీ వేసినట్లుగా రెండు జట్లుగా విభజించారు. ఒక జట్టుకు సెవోఫ్లూరేన్ అనే పీల్చే మందుతో పూర్తి మత్తు ఇచ్చారు, రెండో జట్టుకు మెలకువగా ఉండగానే వెన్నుకు మత్తు ఇచ్చారు. వీళ్లంతా కొద్ది వారాల, నెలల పసికందులు, అంటే మీ బాబు కన్నా చిన్నవాళ్లు. అయిదేళ్ల వయసులో పరీక్షిస్తే రెండు జట్ల సగటు ఐక్యూ దాదాపు 99 దగ్గరే ఉంది. ఆ ఫలితం 2019లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. పాండా అనే మరో అధ్యయనం 2016లో వచ్చింది. మూడేళ్లలోపు హెర్నియా ఆపరేషన్ అయిన పిల్లలను, ఆ వయసులో మత్తు ఎరుగని వాళ్ల సొంత అన్నదమ్ములతో, అక్కచెల్లెళ్లతో పోల్చారు. అలాంటి 105 జంటల్లో ఇద్దరి సగటు ఐక్యూ 111 గానే తేలింది. ఇల్లు, తల్లిదండ్రులు, పెంపకం ఒకటే కావడం వల్ల ఈ పోలికకు నేను ఎక్కువ విలువ ఇస్తాను.

ఇక ఆగడం గురించి. ఆగితే నష్టం లేదని అనుకుంటున్నారు కాబట్టే ఆగుదామనిపిస్తోంది. వృషణం ఒంటిలోపలి వేడిలో ఉండిపోతే, తరువాత వీర్యకణాలుగా మారవలసిన మూలకణాలు మొదటి ఏడాది దాటాక క్రమంగా తగ్గిపోతాయి. అందుకే ఆరు నుంచి పద్దెనిమిది నెలల మధ్య ఆపరేషన్ చేయాలని సర్జన్ల మార్గదర్శకాలు చెబుతాయి. దానితో పాటు హెర్నియా ఉండవచ్చు, వృషణం మెలిపడే ప్రమాదం ఉంటుంది. మూడేళ్ల దాకా ఆగితే మత్తు తప్పదు సరికదా, ఈ రెండేళ్లూ పోతాయి. "మత్తు లేకుండా, వెన్నుకే ఇవ్వరాదా" అని అడుగుతారేమో. నెలల పసికందును పాలపీక పెట్టి కదలకుండా ఉంచగలం. ఏడెనిమిది నెలల బిడ్డ అలా పడుకోడు. సాధారణంగా తేలికపాటి పూర్తి మత్తు ఇచ్చి, నిద్రపోయాక నడుము కింది భాగంలో కాడల్ అనే ఇంజెక్షన్ ఇస్తాం. దానివల్ల పైనుంచి ఇచ్చే మందు తక్కువ సరిపోతుంది, లేచాక నొప్పి కూడా తక్కువగా ఉంటుంది.

ముందుచూపు:

డాక్టరు గారూ, వివరంగా రాసినందుకు కృతజ్ఞతలు. వృషణం విషయంలో గడువు ఉందని నాకు తెలియదు. ఆ ఒక్క ఆపరేషన్ వరకు నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను. కానీ మీ వాదన మొత్తాన్ని అంగీకరించలేను.

మీరు చెప్పిన గాస్ అధ్యయనంలో మత్తులో ఉన్న సమయం మధ్యస్థంగా 54 నిమిషాలు మాత్రమే. అందులోని పిల్లల్లో అత్యధికులు మగపిల్లలు. దాని నుంచి మూడు గంటల ఆపరేషన్ గురించి గానీ, నాలుగుసార్లు మత్తు తీసుకున్న ఆడపిల్ల గురించి గానీ ఏమీ చెప్పలేం. రెండోది, ఐక్యూ ఒక్కటే పిల్లల మెదడుకు కొలత కాదు. అమెరికాలోని మయో క్లినిక్ ఆసుపత్రి వారి మాస్క్ అధ్యయనం 2018లో వచ్చింది. 997 మందిని పరీక్షించారు. మూడేళ్లలోపు పలుమార్లు మత్తు తీసుకున్నవారిలో ఐక్యూ తగ్గలేదు, నిజమే. కానీ చేతివేళ్లతో చేసే సున్నితమైన పనుల్లోనూ, విషయాన్ని గ్రహించే వేగంలోనూ కొంత తగ్గుదల కనిపించింది. ప్రవర్తనలో, చదవడంలో ఇబ్బందులున్నాయని వాళ్ల తల్లిదండ్రులు ఎక్కువగా చెప్పారు. ఇది నేను కల్పించిన భయం కాదు.

కాబట్టి బొడ్డు హెర్నియా లాంటివి, చాలామందిలో నాలుగైదేళ్లకల్లా వాటంతట అవే మూసుకుపోయేవి ఉన్నప్పుడు, తొందరపడి మత్తు ఇవ్వడాన్ని నేను వ్యతిరేకిస్తాను. ఒక స్కాన్ కోసం, మళ్లీ ఇంకో స్కాన్ కోసం వేర్వేరు రోజుల్లో బిడ్డను నిద్రపుచ్చడాన్నీ వ్యతిరేకిస్తాను. తల్లిదండ్రులకు హెచ్చరిక గురించి ఒక్క ముక్క కూడా చెప్పకుండా సంతకం తీసుకోవడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు.

మూడు ఆపరేషన్ల తల్లి:

ఇక్కడ "పలుమార్లు" అంటున్న పిల్లల్లో మా పాప ఒకతె. గ్రహణమొర్రితో, చీలిన అంగిలితో పుట్టింది. నాలుగో నెలలో పెదవి, పదకొండో నెలలో అంగిలి, రెండేళ్లకు అంగిలిలో మిగిలిన రంధ్రం. ముందుచూపు గారి మాటల్లో తప్పు లేదు, కానీ మాలాంటి వాళ్లు వాటిని చదివేటప్పుడు ఏమవుతుందో చెప్పాలనిపించింది. పాప ఒక అక్షరం తడబడితే చాలు, ఆ మందే కారణమా అని నేను రాత్రంతా లెక్కలు వేసుకునేదాన్ని. మా స్పీచ్ థెరపిస్టు ఒకసారి కూర్చోబెట్టి చెప్పారు: అంగిలి మూయకుండా మాటలు నేర్చుకునే వయసు దాటనిస్తే, గాలి ముక్కులోంచి పోయే ఆ ఉచ్చారణ అలవాటుగా స్థిరపడిపోతుంది, తరువాత దాన్ని మార్చడం ఎంతో కష్టం. పైగా అంగిలి చీలిక ఉన్న పిల్లల్లో కర్ణభేరి వెనక ద్రవం చేరి వినికిడి మందగిస్తుంది. వినపడని బిడ్డకు మాట ఎలా వస్తుంది? మేము ఆగి ఉంటే ఆ నష్టం ఊహ కాదు, కచ్చితంగా జరిగేది.

అయితే మేము ఒకటి చేయగలిగాం. ఆ ద్రవం పోయేందుకు చెవుల్లో గొట్టాలు వేయడాన్ని అంగిలి ఆపరేషన్‌తో కలిపి ఒకే మత్తులో చేయమని అడిగాం. సర్జన్, చెవి డాక్టరు ఇద్దరూ ఒప్పుకున్నారు. అడగకపోతే అది మరో రోజు, మరో మత్తు అయ్యేది. అడగడానికి నేను చాలా జంకాను, ఎందుకు జంకానో ఇప్పటికీ తెలియదు. సిరిమల్లె గారూ, మీరు జంకకండి.

మత్తువైద్యుడు:

ముందుచూపు గారు చెప్పిన మూడు విషయాలూ సరైనవే. ఎక్కువసేపు, ఎక్కువసార్లు మత్తు తీసుకున్న పిల్లల విషయంలో ప్రశ్న ఇంకా తేలలేదు. మాస్క్‌లో కనిపించిన తేడా మందు వల్ల వచ్చిందా, లేక మూడేళ్లలోపే అన్ని ఆపరేషన్లు అవసరమయ్యేంత జబ్బు వల్ల వచ్చిందా అనేది ఆ అధ్యయనం విడదీసి చెప్పలేదు. స్వీడన్‌లో నాలుగేళ్లలోపు ఒకసారి ఆపరేషన్ అయిన దాదాపు 33,500 మంది పిల్లల బడి మార్కులను తక్కిన పిల్లల మార్కులతో పోల్చి 2017లో ప్రచురించారు. తేడా సగటున అర శాతం కూడా లేదు. తల్లి చదువును బట్టి వచ్చే తేడా అంతకన్నా చాలా ఎక్కువ. ఆ కొద్ది తేడాకైనా మత్తే కారణమని చెప్పలేం.

కలిపి చేయగలిగిన వాటిని కలపాలి. నెలల పిల్లలకు ఎమ్మారై తీయాలంటే కడుపునిండా పాలు పట్టి, గుడ్డలో చుట్టి, సహజ నిద్రలోనే తీసే పద్ధతి ఉంది. అలా కుదురుతుందేమో అడగాలి. సంతకానికి ముందు ఈ హెచ్చరిక గురించి మాట్లాడటం మా బాధ్యత. అది జరగని చోట తప్పు మా వృత్తిదే.

కానీ ఒక మాట గట్టిగా చెబుతాను. బిడ్డకు చాలినంత మత్తు ఇవ్వకపోవడం కూడా హానికరమే. 1980ల మధ్య వరకు చాలా చోట్ల నెలలు నిండని శిశువులకు గుండె దగ్గరి రక్తనాళం మూసే ఆపరేషన్‌ను కూడా కండరాలను కదలనివ్వని మందుతో, కొద్దిపాటి నైట్రస్ ఆక్సైడ్‌తో కానిచ్చేవారు. బిడ్డకు నొప్పి తెలియదని నమ్మేవారు, బలమైన మందును తట్టుకోలేదని భయపడేవారు. 1987లో ఆక్స్‌ఫర్డ్ వైద్యులు అలాంటి శిశువుల్లో కొందరికి ఫెంటనిల్ అనే బలమైన నొప్పి మందు కూడా ఇచ్చి పోల్చి చూస్తే, అది అందని పిల్లల ఒంట్లో ఒత్తిడి హార్మోన్లు విపరీతంగా పెరిగాయి, ఆపరేషన్ తరువాత చిక్కులు కూడా ఎక్కువయ్యాయి.

ఇంకొక విషయం. మెదడు గురించి ఇంతగా అడిగే తల్లిదండ్రులు, అసలు ఎక్కువగా ఎదురయ్యే ప్రమాదం గురించి దాదాపు అడగరు. 33 దేశాల్లోని 261 ఆసుపత్రుల్లో జరిపి 2017లో ప్రచురించిన ఏప్రికాట్ అధ్యయనంలో, మత్తు సమయంలో తీవ్రమైన ఇబ్బంది నూటికి సుమారు అయిదుగురిలో వచ్చింది. వాటిలో సగానికి పైగా శ్వాసకు సంబంధించినవే, అంటే స్వరపేటిక బిగుసుకుపోవడం, ఊపిరిగొట్టాలు ముడుచుకోవడం వంటివి. సరైన వైద్యుడు పక్కన ఉంటే ఇవి సాధారణంగా నిమిషాల్లో సర్దుకుంటాయి. బిడ్డ వయసు తగ్గేకొద్దీ ఈ ఇబ్బంది పెరిగింది, మత్తు వైద్యుడి అనుభవం పెరిగేకొద్దీ తగ్గింది. అందుకే సిరిమల్లె గారూ, మీరు ముందుగా అడగవలసిన ప్రశ్న ఇది: "ఏడాదిలోపు పిల్లలకు తరచుగా మత్తు ఇచ్చే డాక్టరేనా మా బాబుకు ఇచ్చేది?" బాబు నెలలు నిండకుండా పుట్టాడా, ఇంట్లో ఎవరికైనా మత్తు పడక ప్రాణం మీదికి వచ్చిందా, కండరాల జబ్బులున్నాయా, ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగుతారా అన్నవి మీరే ముందుగా చెప్పండి.

సిరిమల్లె:

అందరికీ కృతజ్ఞతలు. ముందుచూపు గారూ, మీరు వాదించి ఉండకపోతే డాక్టరు గారు ఇంత రాసేవారు కాదేమో. వచ్చే వారం మత్తు డాక్టరును విడిగా కలవడానికి సమయం అడిగాను. బాబు ముప్పై అయిదో వారంలో పుట్టాడు, ఇది మేము ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఒక సందేహం మాత్రం మిగిలింది. బాబుకు తరచూ జలుబు చేస్తుంటుంది. ఆపరేషన్ తేదీకి ముక్కు కారుతూ ఉంటే ఏం చేయాలి?

మత్తువైద్యుడు:

ముప్పై అయిదో వారం సంగతి తప్పక చెప్పండి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు మొదటి కొద్ది నెలల్లో మత్తు తరువాత ఊపిరి కాసేపు ఆపే ప్రమాదం ఉంటుంది. మీ బాబు ఇప్పటికి ఆ వయసు దాటినట్లే, అయినా డాక్టరుకు తెలిసి ఉండాలి.

జలుబు విషయంలో ఆగడం సరైనదే. జ్వరం, దగ్గు, ఛాతీలో గురగుర, చిక్కటి చీమిడి ఉంటే ఆసుపత్రికి బయలుదేరక ముందే ఫోన్ చేసి చెప్పండి. తగ్గాక కనీసం రెండు వారాలు ఆగి కొత్త తేదీ పెడతారు. ఈ ఆపరేషన్‌కు ఆ రెండు వారాల వల్ల నష్టం లేదు. ఏ ఇబ్బందీ లేకుండా పలుచగా నీళ్లలా కారుతుంటే తీసుకురండి, చూసి నిర్ణయిస్తారు. తేదీ పోతుందనే భయంతో జలుబు మందు వేసి దాచిపెట్టి మాత్రం తీసుకురావద్దు. తల్లిపాలు సాధారణంగా మత్తుకు నాలుగు గంటల ముందు ఆపమంటారు. మీ ఆసుపత్రి చెప్పిన వేళలు రాసి పెట్టుకోండి. అంతకన్నా ఎక్కువసేపు పస్తు ఉంచనవసరం లేదు.