ఫ్లాగ్ ఫుట్‌బాల్ టీమ్‌లోకి రమ్మంటున్నారు, వెళ్లమంటారా?

కొత్త విద్యార్థి, డాలస్ దగ్గర

అందరికీ నమస్కారం. ఎమ్మెస్ చేయడానికి ఆగస్టు రెండో వారంలో వచ్చాను. మాది ఖమ్మం దగ్గర ఒక పల్లె. మా ల్యాబ్‌లో టెక్సస్ అబ్బాయి ఒకడు, ఇంట్రామ్యూరల్ ఫ్లాగ్ ఫుట్‌బాల్ టీమ్‌కి ఒక మనిషి తక్కువయ్యాడు, వస్తావా అని ఇప్పటికి రెండుసార్లు అడిగాడు. ఆ ఆట నేను టీవీలో కూడా పూర్తిగా చూడలేదు. స్కూల్లో కబడ్డీ, ఖోఖో ఆడాను, తర్వాత అందరిలాగే క్రికెట్. రూమ్మేట్లేమో కాలు విరిగితే దిక్కెవరు, వీసాకి ఏమైనా ఇబ్బంది అవుతుందేమో చూసుకో అంటున్నారు. అమ్మకి ఇంకా చెప్పలేదు. పేర్లు ఇవ్వడానికి శుక్రవారం ఆఖరు. నిజంగా వెళ్లాలని ఉంది, భయంగానూ ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు: ఇర్వింగ్ నుంచి

తమ్ముడూ, వెళ్లు. శుక్రవారం దాకా ఆగకుండా ఈ రాత్రే పేరు ఇచ్చెయ్యి. చదువుకున్న రోజుల్లో నేను మూడు సీజన్లు ఆడాను, ఒక సీజన్ రిఫరీగా చేశాను. నాకు తెలిసిందంతా చెబుతాను, కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

ముందు వీసా సంగతి. ఇంట్రామ్యూరల్ అంటే గోడల లోపల అని అర్థం. ఒకే కాలేజీ విద్యార్థులు తమలో తాము ఆడుకునే లీగు. జీతం లేదు, కాంట్రాక్టు లేదు, మన స్టూడెంట్ వీసా ఎఫ్-1కి దీంతో ఏ పేచీ లేదు. పైగా నీ ఫీజు వివరాలు తెరిచి చూడు, రిక్రియేషన్ ఫీజు అని ఒక వరుస దాదాపు అన్ని కాలేజీల్లోనూ ఉంటుంది. ఆ డబ్బు నువ్వు కట్టేశావు. జిమ్ము, ఈతకొలను, ఈ లీగులు అన్నీ దాని మీదే నడుస్తాయి. మన పిల్లలు రెండేళ్లు ఆ ఫీజు కట్టి, ఆ భవనం గడప తొక్కకుండానే డిగ్రీ పట్టుకుని వెళ్లిపోతుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఈ ఇంట్రామ్యూరల్ ఆటలు నిన్నామొన్నటి సరదా కాదు. మిషిగన్, ఒహాయో స్టేట్ యూనివర్సిటీల్లో 1913లోనే దీనికోసం ప్రత్యేకంగా విభాగాలు పెట్టారు. ఇవాళ చాలా క్యాంపస్‌లు ఆడే ఫ్లాగ్ ఫుట్‌బాల్ నియమాల పుస్తకం నిర్సా అనే సంఘానిది. ఆ సంఘం 1950లో న్యూ ఆర్లీన్స్‌లోని డిలార్డ్ యూనివర్సిటీలో పుట్టింది. విలియం వాసన్ అనే ఆయన పిలిస్తే 11 నల్లజాతి కాలేజీల నుంచి ఆటల నిర్వాహకులు వచ్చి కూర్చుని మొదలుపెట్టారు. చదువుకునే ప్రతి ఒక్కరికీ మైదానం అందాలని పట్టుబట్టినవాళ్లు పెట్టిన సంఘం అది. నిన్నగాక మొన్న దిగిన నీకూ అందులో చోటుంది.

ఇక ఆట. నడుముకి ఒక బెల్టు కట్టుకుంటారు. దానికి రెండు పక్కలా ఒక్కొక్కటి, వెనక ఒకటి, మూరెడు పట్టీలు వేలాడుతుంటాయి, వాటినే ఫ్లాగులంటారు. బంతి పట్టుకుని పరిగెత్తేవాడి పట్టీ లాగితే బెల్టు క్లిప్పు టప్‌మని ఊడి మొత్తం చేతిలోకి వచ్చేస్తుంది. ఆట అక్కడే ఆగుతుంది. లాగినవాడు ఆ బెల్టుని తల మీదుగా పైకెత్తి చూపిస్తాడు. కింద పడెయ్యడాలు లేవు, కావాలని గుద్దడాలు లేవు, హెల్మెట్లూ లేవు. టీవీలో చూసే అమెరికన్ ఫుట్‌బాల్‌కీ దీనికీ తేడా అదే.

నిర్సా పద్ధతిలో ఒక్కో వైపు 7గురు. మైదానం మొత్తం 100 గజాల పొడవు, 40 గజాల వెడల్పు, ప్రతి 20 గజాలకి ఒక గీత. నీ టీమ్‌కి 4 ప్రయత్నాలు ఇస్తారు, వాటినే డౌన్లంటారు. ఆ నాలుగింటిలో ముందున్న గీత దాటితే మళ్లీ కొత్తగా 4. దాటలేకపోతే బంతి అవతలివాళ్లది. చివరి గీత దాటి లోపలికి తీసుకెళితే టచ్‌డౌన్, 6 పాయింట్లు. ఆ తర్వాత ఒక అదనపు ప్రయత్నం: 3 గజాల దూరం నుంచి ఆడి గెలిస్తే 1, 10 గజాల నుంచి 2, 20 గజాల నుంచి 3. ఎంత దూరం నుంచి ఆడాలో కెప్టెన్ ఇష్టం. ఒక్కో సగం 20 నిమిషాలు, గడియారం చాలావరకు ఆగకుండా నడుస్తూనే ఉంటుంది. కొన్ని క్యాంపస్‌లు చిన్న మైదానంలో నలుగురితోనో ఐదుగురితోనో ఆడిస్తాయి, మీ దగ్గర ఎలాగో కెప్టెన్‌ని అడుగు. ఇంతకు మించి మొదటి రోజు అక్కర్లేదు.

కబడ్డీ, ఖోఖో అన్నావు చూడు, అది చదివి నాకు చెప్పలేనంత సంతోషం వేసింది. ఒంటరిగా ఎదురొచ్చేవాణ్ని ఆపడం, ఒక పక్కకి ఒంగినట్టు చూపించి ఇంకో పక్కకి జారిపోవడం ఇవన్నీ నీ కాళ్లకి తెలుసు. ఇక్కడి పిల్లల్లో చాలామంది ఎదుటివాడి భుజాల కదలికకి మోసపోతారు. నువ్వు వాడి నడుమే చూడు. భుజం అబద్ధం చెబుతుంది, కళ్లు అబద్ధం చెబుతాయి, నడుము ఎటు తిరిగితే మనిషి అటే వెళ్లాలి. పట్టీలు వేలాడేది కూడా అక్కడే. దూరం నుంచి ఒక్క ఉరుకు ఉరకకుండా చిన్న చిన్న అడుగులతో దగ్గరికి వెళ్లి, మోకాళ్లు వంచి, రెండు చేతులూ వెయ్యి.

అయితే కబడ్డీ అలవాటే నిన్ను ముంచే చోటు కూడా ఒకటుంది. చేతికి దొరికింది పట్టేయాలనిపిస్తుంది. ఇక్కడ చొక్కా పట్టుకున్నా, నడుము వాటేసుకున్నా ఫౌలే. నువ్వు పరిగెత్తేటప్పుడు పట్టీ మీదికొచ్చే చేతిని తోసేసినా, నీ చెయ్యి పట్టీకి అడ్డం పెట్టినా దాన్ని ఫ్లాగ్ గార్డింగ్ అంటారు, 10 గజాలు వెనక్కి. నా మొదటి సీజన్‌లో రెండు టచ్‌డౌన్లు ఇలాగే పోయాయి. రైడర్‌గా చెయ్యి విదిలించడం పదేళ్లుగా ఒంట్లో ఉండిపోయింది, నాకు తెలియకుండానే చెయ్యి వెళ్లిపోయేది. చివరికి బంతిని రెండు చేతులతో పొట్టకి హత్తుకుని పరిగెత్తడం అలవాటు చేసుకున్నాకే మానగలిగాను. నువ్వు మొదటి రోజు నుంచే అలా చెయ్యి.

బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, క్రికెట్ క్యాచ్‌లా దోసిలి పడితే జారిపోతుంది. ఛాతీకి పైన వస్తే బొటనవేళ్లు రెండూ కలిపి, నడుము కిందికి వస్తే చిటికెనవేళ్లు కలిపి పట్టాలి. సాయంత్రం ఓ అరగంట రూమ్మేట్‌తో విసిరించుకో, రెండు రోజుల్లో వచ్చేస్తుంది.

బట్టల విషయం ఎవరూ ముందు చెప్పరు. ఇండియా నుంచి మనం తెచ్చుకునే ట్రాక్ ప్యాంట్లన్నిటికీ జేబులుంటాయి. పట్టీ లాగబోయి వేలు జేబులో ఇరుక్కుంటే విరగొచ్చు, అందుకని జేబులున్న నిక్కరుతో చాలాచోట్ల మైదానంలోకి రానివ్వరు. నన్ను మొదటి మ్యాచ్ రోజు గీత దగ్గరే ఆపేశారు, ఆ మ్యాచ్ మొత్తం బయట నిలబడి చూశాను. జేబుల్లేని నిక్కరు ఒకటి కొనుక్కో. మెళ్లో గొలుసు, కడియం, ఉంగరం ఇంట్లో పెట్టి వెళ్లు. రబ్బరు మేకుల బూట్లుంటే మంచిది, ఇనుప మేకులు కుదరవు. చొక్కా లోపలికి దోపుకో. బెల్టు వదులుగా ఉందని మాత్రం ముడి వెయ్యకు, పొరపాటున వేసినా ఆట నుంచి పంపేస్తారు.

పేరు ఇవ్వడం చాలా క్యాంపస్‌లలో ఐఎంలీగ్స్ అనే సైటులో. కాలేజీ మెయిల్‌తో అకౌంటు తెరిచి ఆ టీమ్‌లో చేరమని నొక్కడమే. టీమ్ లేనివాళ్లు ఫ్రీ ఏజెంట్ అని పెట్టుకుంటే కెప్టెన్లే పిలుస్తారు, ఇది చదువుతున్న మిగతా పిల్లలు గమనించండి. ప్రతి మ్యాచ్‌కీ స్టూడెంట్ ఐడీ చూపించాలి. ఇంకొకరి ఐడీతో ఆడటం, నీ ఐడీ ఇంకొకరికి ఇవ్వడం కలలో కూడా వద్దు. గల్లీ క్రికెట్‌లో మనవాడేగా అని ఆడించేస్తాం. ఇక్కడ అది క్రమశిక్షణ కేసుగా డీన్ ఆఫీసు దాకా వెళుతుంది. వస్తానని చెప్పి ఎగ్గొట్టకు కూడా. మనుషులు చాలకపోతే టీమ్ మొత్తం ఓడినట్టు రాస్తారు, రెండుసార్లయితే చాలాచోట్ల లీగు నుంచే తీసేస్తారు. పరీక్ష ఉంటే రెండు రోజుల ముందే కెప్టెన్‌కి మెసేజ్ పెట్టు.

నా మనసులో ఉన్న మాట ఒకటి. మొదటి సెమిస్టర్‌లో మనవాళ్లందరినీ పోగేసి తెలుగు టీమ్ కట్టాలని చూడకు. శనివారం క్రికెట్ ఎలాగూ ఉంటుంది, అక్కడ మన భాష, మన బిర్యానీ దొరుకుతాయి. ఈ ఒక్కటీ ఆ ల్యాబ్ అబ్బాయితో ఆడు. టెక్సస్‌లో శుక్రవారం రాత్రి హైస్కూలు ఫుట్‌బాల్, శనివారం కాలేజీలది, ఆదివారం ఆర్లింగ్టన్‌లో డాలస్ కౌబాయ్స్ అనే ప్రొఫెషనల్ టీమ్‌ది. వీళ్ల వారమంతా ఆ ఆట చుట్టూ తిరుగుతుంది. ల్యాబ్‌లో రోజూ హాయ్ దగ్గర ఆగిపోయిన మనిషి, నువ్వు ఒక్క పట్టీ లాగాక ఇంటికి భోజనానికి పిలుస్తాడు. నా మొదటి థాంక్స్‌గివింగ్ పండగ భోజనం మా టీమ్‌లో సెంటర్‌గా ఆడే అబ్బాయి వాళ్లింట్లో, వాళ్ల అమ్మమ్మ పక్కన కూర్చుని తిన్నాను.

చివరగా, రిఫరీ పని. ఇంట్రామ్యూరల్ రిఫరీలంటే విద్యార్థులే, జీతం ఇస్తారు. కాలేజీయే ఇచ్చే ఆన్-క్యాంపస్ ఉద్యోగం కాబట్టి ఎఫ్-1 మీద మొదటి సెమిస్టర్ నుంచే చేయొచ్చు, క్లాసులు జరిగేటప్పుడు అన్ని ఆన్-క్యాంపస్ పనులూ కలిపి వారానికి 20 గంటలు దాటకూడదు. ఆ ఆఫర్ లెటర్‌తో సోషల్ సెక్యూరిటీ నంబరుకి అప్లై చేసుకోవచ్చు. ఆట రాకపోయినా శిక్షణ వాళ్లే ఇస్తారు. మనవాళ్లంతా డైనింగ్ హాలు, లైబ్రరీ ఉద్యోగాలకే వరస కడతారు, ఇటువైపు చూసేవాళ్లు తక్కువ.

జవాబు: ఫ్రిస్కో నుంచి

తమ్మీ, అన్న జెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్టు. నేను దవాఖాన ముచ్చట జెప్త.

నా రెండో సెమిస్టర్ల బంతి పట్టవోయి ఉంగరం వేలు వంకర వోయింది. రాత్రి పదయింది. దోస్తులు భయపడి సీదా ఎమర్జెన్సీకి తోలుకవోయిన్రు. ఎక్స్‌రే తీసిన్రు, పట్టీ ఏసిన్రు, గంతే. ఇన్సూరెన్స్ ఉన్నది గని డిడక్టిబుల్ అని ఒక లెక్క ఉంటది, అందాక పైసలు నా జేబులకెళ్లే వోవాలె. ఆ బిల్లు కట్టెతందుకు మూడు నెలలు వట్టింది. తెల్లారి క్యాంపస్ హెల్త్ సెంటర్‌కు వోతే తక్కువల అయిపోతుండె.

గందుకే ఇప్పుడే నీ పాలసీ కాయిదం తీసి చదువు. కొన్ని పాలసీలల్ల ఇంటర్ కాలేజియేట్ ఆటలకు పైసలియ్యమని ఉంటది. అది కాలేజీ తరఫున ఆడే అసలు టీములకు. ఇంట్రామ్యూరల్ గురించి ఏం రాసిన్రో చూడు, సమజ్ కాకపోతే హెల్త్ సెంటర్ల అడుగు. ఆడేముందు నువ్వు వేవర్ మీద సంతకం వెడ్తవు, దెబ్బ తాకితే ఖర్చు నీదే అని దాని అర్థం. వేలు, మడిమె అసొంటివైతే హెల్త్ సెంటర్, అది బందుంటే నీ ఇన్సూరెన్స్ నెట్‌వర్క్‌ల ఉన్న అర్జెంట్ కేర్ క్లినిక్.

తలకు తాకితే మాత్రం లెక్కలు వెట్టకు. కండ్లు తిరిగినా, వాంతి అయినా, అడిగింది సమజ్ కాకపోయినా ఆట బంద్ వెట్టి ఎమర్జెన్సీకి వో. బిల్లు తర్వాత జూస్కుందం. నెత్తిల నెత్తి కొట్టుకునుడు ఈ ఆటల అయితది, అందరు కింద నడుమును జూస్కుంట ఉరుకుతరు గద. నోట్లె మౌత్‌గార్డ్ వెట్టుకో. అమ్మకు ఫోన్ల జెప్పు, దాచకు. కబడ్డీల లెక్క కింద పడేసుడు ఉండదు అని జెప్తే ఆమెకే సమజ్ అయితది.

జవాబు: ఆస్టిన్ నుంచి

ఈ థ్రెడ్ చదివే అమ్మాయిల కోసం నాలుగు మాటలు. ఇది అబ్బాయిల ఆటని పక్కన పెట్టేయకండి. అమ్మాయిల లీగు వేరే ఉంటుంది, కలిసి ఆడే కోరెక్ లీగు కూడా ఉంటుంది. కోరెక్‌లో 8 మంది. చాలా క్యాంపస్‌లలో అమ్మాయి టచ్‌డౌన్ చేసినా, అమ్మాయి విసిరిన బంతితో టచ్‌డౌన్ వచ్చినా 6 కాదు, 9 పాయింట్లు. అబ్బాయి నుంచి అబ్బాయికే ఒకసారి పాస్ వెళ్లి ముందుకు జరిగితే, తర్వాతి పాస్‌లో అమ్మాయి ఉండి తీరాలి. అందుకే మనల్ని మూలన నిలబెట్టడం కుదరదు, కెప్టెన్లే వెతుక్కుంటూ వస్తారు. నేను గుంటూరులో స్కూలు దాటాక పదేళ్లు పరిగెత్తలేదు. ఇక్కడ జేబుల్లేని లెగ్గింగ్స్, టీషర్టు వేసుకుని మైదానంలోకి దిగిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు, కాళ్లు నొప్పులు, లోపల ఆనందం.

చిన్న కాలేజీలుండే ఎన్‌ఏఐఏ అనే క్రీడా సంఘంలో 2021 నుంచి అమ్మాయిలు ఫ్లాగ్ ఫుట్‌బాల్‌ని కాలేజీ తరఫున ఆడుతున్నారు. 2028 లాస్ ఏంజిలస్ ఒలింపిక్స్‌లో కూడా ఉంది, ఆ నిర్ణయం జరిగింది మన ముంబయిలోనే, 2023 అక్టోబరులో. క్రికెట్‌నీ దీన్నీ ఒకే రోజు ఒప్పుకున్నారు.

తమ్ముడూ, మీ లీగులో గెలిచిన టీములు ఇతర కాలేజీలతో ఆడే ప్రాంతీయ టోర్నమెంట్లకి, అక్కడ నెగ్గితే జాతీయ పోటీలకి వెళ్లొచ్చు. మొదటి ఏడాది దాని మీద ఆశ పెట్టుకోవద్దు గానీ, మ్యాచ్‌కి రిఫరీలిచ్చే స్పోర్ట్స్‌మన్‌షిప్ మార్కులు మాత్రం తగ్గనివ్వకండి. అవి తగ్గితే బాగా ఆడే టీమునైనా ప్లేఆఫ్స్‌కి రానివ్వరు. అరిచేవాణ్ని టీమ్‌లో మీరే ఆపాలి.

కొత్త విద్యార్థి, డాలస్ దగ్గర

అన్నయ్యలకీ అక్కకీ థాంక్స్. ఆ రాత్రే పేరిచ్చాను. నిన్న మొదటి మ్యాచ్, రాత్రి 9కి, లైట్ల కింద, అప్పటికీ ఉడుకుతోంది. నన్ను సెంటర్‌గా పెట్టారు, కాళ్ల మధ్య నుంచి బంతి వెనక్కి ఇచ్చే పని. మొదటిది నేల మీద పడింది, అంతే ఆట ఆగిపోయింది. రెండు పాస్‌లు వదిలేశాను. రెండో సగంలో వాళ్ల పొడుగాటివాడు గీత వెంబడి వస్తుంటే నడుమే చూశాను. కుడికి ఒంగాడు, నేను కదల్లేదు. ఎడమకి తిరిగేసరికి పట్టీ నా చేతిలో ఉంది. టప్‌మన్న ఆ చప్పుడు మీరు చెప్పినట్టే ఉందన్నయ్యా. మావాళ్లంతా వచ్చి మీద పడ్డారు. 20-13తో ఓడిపోయాం.

అమ్మకి వీడియో కాల్‌లో బెల్టు చూపించాను. పట్టీ గట్టిగా ఉందా, ఊడిపోతుందా అని అడిగింది.

రిఫరీ శిక్షణ వచ్చే మంగళవారం అట, మా రూమ్మేట్లు ఇద్దరు కూడా వస్తామంటున్నారు. అక్కడ నియమాల పరీక్ష ఏమైనా పెడతారా? ఈ ఆదివారం పొద్దున 7కి కాలేజీ వెనక మైదానంలో ప్రాక్టీసు ఉంది. చుట్టుపక్కల ఉన్నవాళ్లు రండి, బంతి నేను తెస్తాను.

జవాబు: ఇర్వింగ్ నుంచి

పెడతారు, పుస్తకం చూసి రాయొచ్చన్నారంటే ఇంకా జాగ్రత్తగా చదువు. ఫ్లాగ్ గార్డింగ్ మీద, బెల్టు దానంతట అదే ఊడిపోతే ఏం చేయాలన్న దాని మీద ప్రశ్నలు తప్పకుండా ఉంటాయి. ఊడిపోతే ఒంటి చేత్తో తాకితే చాలు, భుజాల నుంచి మోకాళ్ల మధ్యలో. ఆదివారం నేనొస్తున్నా. నీళ్లు ఎక్కువ తెచ్చుకోండి.