«తత్స్వాంతరం»లో ఆ స్వ ఎవరిది?

తాటాకు: భాస్కరాచార్యుడి ఖగోళ గ్రంథం సిద్ధాంతశిరోమణి, పరికరాల మీది యంత్రాధ్యాయంలో ధీయంత్రం (బుద్ధి అనే యంత్రం) శ్లోకం. కింది సగం నోట్లో ఆడుతోంది: «యో వేత్తి యష్ట్యైవ కరస్థయాసౌ ధీయంత్రవేదీ వద కిం న వేత్తి» (చేతిలో కర్రతోనే తెలుసుకునే ఆ ధీయంత్రవేత్తకి తెలియనిదేముంది, చెప్పు). పైన «వంశస్య మూలం ప్రవిలోక్య చాగ్రం» (వెదురు మొదలూ కొసా చూసి), ఆ తర్వాత «తత్త్వాంతరం తస్య సముచ్ఛ్రయం చ» అని గుర్తు. వెదురు దగ్గర తత్త్వం దేనికి?

గంటం: తత్స్వాంతరం అండీ. త కింద స వత్తు జారి త వత్తయింది. ఈ ఇంద్రవజ్ర వృత్తంలో ఎలా చదివినా గురువే, గణాలు పట్టివ్వవు.

పలక: స్వ అంటే వెదురుదే కదా? దాని మొదలుకీ కొసకీ నడుమ దూరం.

గంటం: అదే అయితే సముచ్ఛ్రయం, అంటే ఎత్తు, మళ్లీ ఎందుకు? స్వ అంటే చూసేవాడు. తనకీ దానికీ ఎడం ముందు, ఎత్తు తర్వాత. లెక్క నడిచేదీ ఆ వరసలోనే. 120 అంగుళాల కర్ర (ఇంచీలు కావు, మూరలో 24వ వంతు), కన్ను 72 అంగుళాల ఎత్తున. కర్ర వెంట తాడిచెట్టు మొదలు చూసి, రెండు కొసల నుంచీ గుండు కట్టిన దారాలు వదలాలి. దారాల పొడవుల తేడా 6, నేల మీద వాటి ఎడం సుమారు 120. దూరం 72×120÷6, అంటే 1440 అంగుళాలు, 60 మూరలు. ఇక కొస చూస్తే తేడా 72, ఎడం 96. 1440×72÷96 = 1080, కంటి ఎత్తు 72 కలిపితే 48 మూరలు.

పలక: గాలికి దారం ఊగి ఆ 6 కాస్తా 7 అయితే?

గంటం: దూరం 51 మూరలకు పడిపోతుంది, ఎత్తూ దానితోపాటే. మిట్టెక్కి చూస్తే తేడా పెరిగి తప్పు తగ్గుతుంది.

మసిబుర్ర: ధీయంత్రమంటే ఆస్ట్రోలాబే (నక్షత్రాల ఎత్తు కొలిచే గుండ్రటి లోహపు పరికరం) అని నా అనుమానం.

గంటం: దాని పేరు యంత్రరాజం. ఫిరోజ్ షా తుగ్లక్ కొలువులో మహేంద్రసూరి దాని మీద గ్రంథం రాసింది 1370లో, భాస్కరుడిది 1150. పైగా ఆయన కర్ర చాలంటూ పెద్ద యంత్రాలను వెక్కిరిస్తున్నాడు.

మసిబుర్ర: గోడ అడ్డొచ్చి మొదలు కనపడకపోతే మీ కర్ర ఏం చేస్తుంది? ఆస్ట్రోలాబ్ వెనుక ఛాయాచతురస్రంలో (నీడల కొలతలు గీసిన చదరంలో) 12 అంగుళాల శంకువుకి, అంటే నిలువు పుల్లకి, నీడ 8 చూపే చోటు నుంచి, 12 చూపే చోటికి వెనక్కి నడవాలి. నడిచింది 15 మూరలైతే 15×12÷4 = 45, కంటి ఎత్తు 3 కలిపితే మీ 48 మూరలే. ఏటి అవతలి గుట్టకీ ఇదే పద్ధతి. కాకపోతే రెండు చోట్లూ ఒకే మట్టంలో ఉండాలి, నడక పొట్టిదైతే అర అంగుళం తప్పే కొంప ముంచుతుంది.

పలక: కర్రతోనూ రెండు చోట్ల చూడొచ్చు లెండి. ఇవన్నీ మన పావులూరి మల్లన చేతిలో పడి ఉంటే కందాల్లో చదువుకునేవాళ్లం! ఆయన తెలిగించిన మహావీరాచార్యుడి గణిత గ్రంథంలో ఛాయావ్యవహారం (నీడల లెక్కలు) ఓ అధ్యాయమే.

తాటాకు: మల్లన సరే, నా స్వ? స్వాంతం అంటే మనసు కదా. ధీయంత్రం పక్కన మనసు ధ్వనించడం ఊరికేనా?

గంటం: స్వాంతం వేరు, స్వ-అంతరం వేరు. ఇలాగే సాంత్వనని (ఓదార్పుని) స్వాంతన చేశారు.

మసిబుర్ర: స్వాంతన వాడుకలో స్థిరపడిపోయింది, ఇక తప్పనలేం.

గంటం: అంటాం!