సమస్య: పండ్లు మీటఁ బుట్టెఁ బాట యొకటి

నిర్వాహకుడు: ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాం, మిగతా మూడూ మీరు పూరించాలి. విషయం, తమంతట తామే మోగే యంత్రవాద్యాలు. పండ్లంటే ఫలాలని కూడా అర్థం ఉంది. అటు వెళ్ళినా అభ్యంతరం లేదు కానీ, ముందు మ్యూజిక్ బాక్స్ మూత తీసి లోపలి ఉక్కు దువ్వెన పళ్ళు చూడండి.

పాతపెట్టె:
తిరుగు దిమ్మె మీఁదఁ దీర్చిరి ముళ్ళను
ఉక్కు దువ్వె నుంచి రొద్దికగను
చుట్టి విడువఁ దీఁగ సులువుగాను తిరిగి
పండ్లు మీటఁ బుట్టెఁ బాట యొకటి

నిర్వాహకుడు: పూరణ బాగుంది. 'ముళ్ళను ఉక్కు' విసంధి, అంటే సంధి చేయాల్సిన చోట చేయలేదు. 'నుక్కు' అంటే సరి, యతికీ ఇబ్బంది లేదు. 'తీఁగ' అనగానే వీణ గుర్తొస్తుంది. లోపల ఉండేది చుట్టిన ఉక్కు పట్టీ. ఇంకో మాట, 'సులువుగాను' తిరగనిస్తే పాట పరుగెత్తిపోతుంది. గాలికి అడ్డం తిరిగే చిన్న రెక్క దాని వేగాన్ని పట్టి ఉంచుతుంది. దానికి పద్యంలో చోటు లేకపోయింది, పాపం.

తంత్రీలయ:
గంట లేల బరువు గడియారమున నని
జెనివ వాసి యొకఁడు చిన్న యుక్కు
రేకు లొక్క వరుస రీతిగా నిలుపఁగాఁ
పండ్లు మీటఁ బుట్టెఁ బాట యొకటి

1796లో జెనీవా గడియారాల పనివాడు ఆంట్వాన్ ఫావ్రే చేసిన పని ఇది. ఒకే రేకును దువ్వెనలా కోయడం తర్వాత వచ్చింది.

పాతపెట్టె: గడియారంలో గంటలెందుకు అనగానే ఉలిక్కిపడ్డాను! శ్లేష భలే కుదిరింది. 'వరుస రీతిగా' మాత్రం పాదం నింపడానికి వచ్చినట్టుంది. శ్రుతి సంగతి చెప్పాల్సింది: పంటి కొస అరగదీస్తే స్వరం పెరుగుతుంది, మొదలు దగ్గర అరగదీస్తే తగ్గుతుంది. మంద్ర స్వరాల పళ్ళ కింద సీసం ముక్క అతికిస్తారు. పన్ను పొడుగు పెంచకుండా బరువు పెంచే ఉపాయం అది.

కొత్తకలం: మొదటి ప్రయత్నం. కాగితం పట్టీతో నడిచే పెట్టె చేశాను, అదే రాశాను.
పట్టి మీఁదఁ గొన్ని బెజ్జముల్ పొడిచితి
చేతఁ బిడినిఁ దిప్పఁ జిల్లు చిల్లు
లోనఁ జిక్కి తిరుగు లోహచక్రము లెల్ల
పండ్లు మీటఁ బుట్టెఁ బాట యొకటి

నిర్వాహకుడు: చేసినవాడి చూపు ఉంది, ముచ్చటేసింది. మొదటి పాదంలో యతి తప్పింది. 'ప'కి 'బె' చెల్లదు. 'పట్టి మీఁద రంధ్రపంక్తులఁ బొడిచితి' అనండి.

కొత్తకలం: ధన్యవాదాలండీ. ఒకే స్వరం వెంటవెంటనే రెండుసార్లు పొడిస్తే రెండోది పలకడం లేదు. నా చేతి తప్పా?

పాతపెట్టె: కాదు. చక్రానికున్న తర్వాతి ముల్లు పైకి వచ్చేలోపే చిల్లు దాటిపోతోంది. ఆ రెండు చిల్లుల మధ్య ఎడం పెంచండి. మోగుతున్న పంటిని మళ్ళీ తాకితే గరగర కూడా వస్తుంది. పెద్ద పెట్టెల్లో దాన్ని ఆపడానికి పంటి కింద సన్నని తీగ పెడతారు.

కొత్తకలం: యతి దిద్దుకున్నాను. గరగర మాత్రం అలాగే ఉంది. ఏ పన్ను దగ్గరో రాత్రికి విప్పి చూడాలి.