మునిసిపల్ జడ్జిగారికి శాలువా కప్పాలా?

కొల్లేటి_పక్షి (న్యూజెర్సీ):
మా టౌన్‌షిప్ తెలుగు సంఘం ఉగాదికి మా ఊరి మునిసిపల్ కోర్టు (ట్రాఫిక్ టికెట్లు, చిన్న కేసులు చూసే కోర్టు) జడ్జిని పిలిచి సన్మానం చేద్దామనుకుంటోంది. ఆయన పాతికేళ్లుగా ఇక్కడే వకీలు. లైబ్రరీ బోర్డులో పనిచేశారు, శనివారాలు పిల్లలకు సాకర్ నేర్పిస్తారు, థాంక్స్‌గివింగ్ ముందు ఫుడ్ పాంట్రీలో (లేనివాళ్లకు ఉచితంగా సరుకులిచ్చే చోట) డబ్బాలు మోస్తూ మాకే రెండుసార్లు కనిపించారు. జడ్జి పని ఆయనకు పార్ట్‌టైమే. కమిటీలో ఇద్దరు వద్దంటున్నారు. 2025 ఆగస్టులో రోడ్ ఐలాండ్ మాజీ మునిసిపల్ జడ్జి ఫ్రాంక్ కాప్రియో పోయినప్పుడు మన గ్రూపులన్నీ ఆయన కోర్టు వీడియోలతో నిండిపోయాయి. అలాంటి మనిషి మన ఊళ్లోనే ఉంటే గౌరవించడంలో తప్పేముంది? మీ అభిప్రాయాలు చెప్పండి.

సుజాత_రోడ్‌ఐలాండ్:
తప్పకుండా పిలవండి. కాప్రియోగారి జీవితం చూడండి. తండ్రి ఇటలీ నుంచి వచ్చి పళ్లూ పాలూ అమ్ముకున్నాడు. ఈయన పగలు హోప్ హైస్కూల్లో పాఠాలు చెప్పి రాత్రి బాస్టన్ వెళ్లి లా చదివాడు. 1985 నుంచి 2023 దాకా ప్రావిడెన్స్ మునిసిపల్ కోర్టు జడ్జి. తండ్రి పేరుతో లా విద్యార్థులకు స్కాలర్‌షిప్ పెట్టాడు.

96 ఏళ్ల పెద్దాయన కేసు గుర్తుందా? స్కూలు జోన్‌లో స్పీడుగా వెళ్లాడని టికెట్. "నేను స్పీడుగా నడపను, అవసరమైతేనే నడుపుతాను, మా అబ్బాయిని రక్తపరీక్షకి తీసుకెళ్తున్నాను" అన్నాడు. ఆ అబ్బాయికి 63 ఏళ్లు, కేన్సర్. జడ్జి ఆ కేసు కొట్టేశాడు. మనిషి ఏం చెబుతున్నాడో వినడమే సగం న్యాయం. ఊళ్లో పదిమందితో కలిసి బతికినవాడికే ఆ చెవి ఉంటుంది.

హైదరాబాదీ77:
సన్మానమే చేయాలంటే జయ బాడిగగారిని పిలవండి. విజయవాడలో పుట్టి శాక్రమెంటోలో జడ్జి అయ్యారు. మన ఆడపడుచు.

పాత_బెంచిక్లర్కు (నరసరావుపేట):
ఆమెది సుపీరియర్ కోర్టు బాబూ, అంటే కౌంటీ స్థాయి కోర్టు. మునిసిపల్ కోర్టు కాదు.

హైదరాబాదీ77:
జడ్జి జడ్జే కదండీ. తేడా ఏముంది?

పాత_బెంచిక్లర్కు:
చాలా ఉంది. కాలిఫోర్నియాలో ఇప్పుడు మునిసిపల్ కోర్టులే లేవు. 1998లో ఓటర్లు ఒప్పుకున్నాక ఒక్కో కౌంటీలో సుపీరియర్ కోర్టులో కలుపుకుంటూ వచ్చి 2001కి ముగించారు. ఆమెను గవర్నరు నియమించారు. న్యూజెర్సీలో చాలా ఊళ్లలో మునిసిపల్ జడ్జిని నియమించేది మేయరు, కౌన్సిలు. మూడేళ్ల పదవి. మళ్లీ నియమించాలా వద్దా అన్నదీ వాళ్ల చేతిలోనే. ఈ సంగతి పక్కన పెట్టి శాలువా గురించి మాట్లాడితే ఎలా?

డాలస్_మామ:
మా టెక్సాస్‌లోనూ ఊరి కౌన్సిలే పెడుతుంది. కొన్ని ఊళ్లలో ఎన్నికలు.

హైదరాబాదీ77:
అయినా మన అమ్మాయిని పిలిస్తే బాగుంటుంది అంటున్నాను. అంతే.

రవి_ఎన్‌జె:
నా అనుభవం చెబుతాను. స్కూలు బస్సు ఆగి ఉండగా దాటిందని మా ఆవిడకు టికెట్ ఇచ్చారు. అప్పటికి లైసెన్సు వచ్చి నాలుగు నెలలు. ఈ రాష్ట్రంలో దానికి లైసెన్సు మీద 5 తప్పు పాయింట్లు, కనీసం 100 డాలర్ల జరిమానా. 15 రోజుల దాకా జైలైనా, సమాజసేవైనా వేయొచ్చు. జైలు అన్న మాట చదివి, వీసా ఏమవుతుందోనని ఆమె రెండు వారాలు నిద్రపోలేదు.

సాయంత్రం 5కి వెళ్లాం. ముందు ప్రాసిక్యూటరు దగ్గర క్యూ. ఆయన ఫైలు తిప్పి "అన్‌సేఫ్ డ్రైవింగ్‌కి మారుస్తా, పాయింట్లు ఉండవు, డబ్బు కట్టండి" అన్నాడు. తరువాత రెండున్నర గంటలు బెంచీ మీద కూర్చున్నాం. ఏం చెప్పాలో ఆమె కాగితం మీద ఇంగ్లీషులో రాసుకుని మడిచి చేతిలో పట్టుకుంది. పేరు పిలిచారు. జడ్జి "ఒప్పుకుంటున్నారా, ఎవరైనా బలవంతం చేశారా" అని అడిగి కట్టాల్సిన మొత్తం చదివేశాడు. నేను ఫోన్లో టైము చూశాను, 40 సెకన్లు. కిటికీ దగ్గర కట్టింది అన్నీ కలిపి నాలుగొందలు దాటింది. కాగితం చెమటకు తడిసిపోయింది, మడత విప్పనే లేదు.

సుజాతగారూ, ఆ జడ్జికి కూడా ఊళ్లో మంచి పేరే.

సుజాత_రోడ్‌ఐలాండ్:
అయ్యో. కానీ రవిగారూ, మీ జడ్జి వినలేదు కాబట్టి వినే జడ్జిని మెచ్చుకోకూడదా? నాకు ఎదురైంది చెబుతాను. మావారి ఉద్యోగం పోయిన ఏడాది పార్కింగ్ టికెట్లు పేరుకుపోయాయి. ఒక చిన్న ఊరి జడ్జి నా బ్యాంకు కాగితం చూసి, జరిమానా బదులు ఫుడ్ బ్యాంకులో 20 గంటలు పనిచేయమన్నారు. ఆ 20 గంటలు అయ్యాక కూడా నేను వెళ్లడం మానలేదు. అలాంటివాళ్లు ఉన్నారండీ.

రవి_ఎన్‌జె:
ఉన్నారు. అంటే మన అదృష్టం. నాకు కావలసింది అదృష్టం కాదు.

మిస్సోరిలో ఫెర్గుసన్ అనే ఊరుంది, అప్పటి జనాభా 21 వేలు. 2014 డిసెంబరు నాటికి ఆ కోర్టు ఇచ్చిన వారెంట్లు 16 వేల మందికి పైగా నెత్తిన ఉన్నాయి. ఒకామె 2007లో కారు తప్పుగా ఆపిందని 151 డాలర్లు, పైన ఫీజులు వేశారు. వాయిదాలకు రాలేదని వారెంట్లు, అరెస్టులు. ఆరు రోజులు జైల్లో ఉంది, 550 డాలర్లు కట్టింది, ఇంకా 541 బాకీ చూపించారు. ఇవి నా మాటలు కావు, 2015 మార్చిలో అమెరికా న్యాయశాఖ ఇచ్చిన నివేదికలోవి. అప్పటి అక్కడి జడ్జీ పార్ట్‌టైమే. ఒక ఊళ్లో జడ్జి, పక్క ఊళ్లలో ప్రాసిక్యూటరు. తెలిసినవాళ్ల టికెట్లు మాత్రం సర్దుకుపోయేవి.

జరిమానాలో భాగం ఊరి ఖజానాకు వెళ్తుంది. జడ్జిని పెట్టేది ఆ ఊరి మేయరు. శనివారం సాకర్ నేర్పితే ఈ ముడి విడుతుందా?

డాలస్_మామ:
ఫెర్గుసన్‌ను తెచ్చి మన ఊళ్లకు అంటించడం న్యాయం కాదు రవీ.

కొల్లేటి_పక్షి:
నేనడిగింది శాలువా గురించి. జరిమానాలు, ఖజానాలు ఇక్కడెందుకు?

పాత_బెంచిక్లర్కు:
శాలువా గురించే చెబుతాను. 31 ఏళ్లు కోర్టులో పనిచేశాను. పదిన్నరకి కాల్ వర్క్ (కేసులు పిలవడం) మొదలయ్యేసరికి బయట వరండాలో రెండు పార్టీలూ ఎదురెదురుగా నిలబడి ఉండేవి. మెజిస్ట్రేటుగారు ఎవరివైపు చూసి తలూపారో రెండు పార్టీలూ గమనించేవి. అందుకే మన దగ్గర సొంత ఊళ్లో పోస్టింగ్ ఇవ్వరు, మూడేళ్లకు బదిలీ చేస్తారు. పెళ్లికి పిలిస్తే వెళ్లడానికి కూడా జంకేవాళ్లు.

మీ రాష్ట్రంలోనే ఒక సంగతి జరిగింది. సౌత్ హాకెన్‌సాక్ ఊరికి విన్స్ సికారి అని మునిసిపల్ జడ్జి ఉండేవాడు. ఏడాదికి 13 వేల డాలర్ల జీతం. రాత్రిపూట వేదికల మీద హాస్యం చెప్పేవాడు, టీవీలో వేషాలు వేసేవాడు. కోర్టులో ఆయన మీద ఫిర్యాదేమీ లేదు. అయినా రాష్ట్ర సుప్రీంకోర్టు 2013లో రెండూ కుదరవంది. ఆ వేషంలో చూసిన మనిషి రేపు అదే జడ్జి ముందు నిలబడితే నమ్మకం ఉంటుందా అన్నది వాళ్ల ప్రశ్న. ఆయన జడ్జి పదవి వదిలేశాడు. అక్కడి కోర్టు అంత గట్టిగా ఉంటే, మీరు పూలదండ తెస్తున్నారా?

సుజాత_రోడ్‌ఐలాండ్:
హాస్యం చెప్పడం వేరు, ఫుడ్ పాంట్రీలో పనిచేయడం వేరు క్లర్కుగారూ. మంచి పనులు చేయొద్దని జడ్జీలకు ఏ నియమమూ చెప్పదు. సంస్థల్లో ఉండొచ్చు. విరాళాలు మాత్రం అడగకూడదు. మనుషులకు దూరంగా పెడితే జడ్జి నిష్పక్షపాతంగా ఉంటాడా? మన కష్టం తెలియకుండా పోతుంది, అంతే.

పాత_బెంచిక్లర్కు:
మీ ఉగాదికి టికెట్లు అమ్ముతున్నారా? స్పాన్సర్ల బ్యానర్లు వెనక ఉంటాయా? ముందు అది చెప్పమనండి.

కొల్లేటి_పక్షి:
ఉంటాయి. హాలు అద్దె ఎవరు కడతారు?

పాత_బెంచిక్లర్కు:
అదే నేను చెప్పేది.

కొల్లేటి_పక్షి:
అయితే ఇప్పుడు నేనూ చెబుతాను. రవీ, వద్దన్న ఇద్దరిలో నువ్వు ఒకడివి. మీ ఆవిడ కేసు విన్నదీ ఈయనే. ఆ మాట దాచిపెట్టి ఇక్కడ ఫెర్గుసన్ కథలు చెబుతున్నావు. సొంత కోపాన్ని సిద్ధాంతం చేయకు.

రవి_ఎన్‌జె:
అవును, ఈయనే. సన్మానం పొందబోతున్న మనిషిని నలుగురిలో బయటపెట్టడం ఇష్టం లేక చెప్పలేదు. నువ్వు దాచింది నేను చెప్పనా అన్నా? కమిటీ మీటింగులో ఏమన్నావు? "రేపు మన పిల్లలకు డ్రైవింగ్ వయసొస్తుంది, టికెట్లొస్తాయి, మన మొహాలు ఆయనకు గుర్తుంటే మంచిది" అన్నావా లేదా? నీకు కావలసింది జడ్జి కాదు, తెలిసినవాడు. మా ఆవిడ ఆ రోజు తెలియని మనిషిగా నిలబడింది. ఆమెలాంటివాళ్ల తరువాత మన పిల్లలు నిలబడి, మొహం గుర్తుపట్టించుకుని బయటపడాలా?

డాలస్_మామ:
పక్షీ, నిజంగా అన్నావా?

కొల్లేటి_పక్షి:
అన్నాను. తండ్రిగా భయంతో అన్నాను. మావాడికి వచ్చే ఏడాది పదిహేడు. రంగు చూసి ఆపే పోలీసు ఉంటాడని భయం, వీసా భయం, అన్నీ ఉన్నాయి. మనల్ని మనుషులుగా తెలిసిన పెద్దమనిషి ఒకరు ఉండాలనుకోవడం లంచం కాదు.

పాత_బెంచిక్లర్కు:
నీ భయం అబద్ధమని నేననను నాయనా. మాది కూడా విను.

మా నాన్నకు పొలం గట్టు మీద దావా ఉండేది. అప్పటి మునసబు కోర్టు జడ్జిగారు చాలా మంచివారని ఊరంతా అనేది. తిరునాళ్లలో ఆయనకు దండ వేసింది మా ప్రతివాదే, ఉత్సవ కమిటీలో ఉండేవాడు. నాన్న జనంలోంచి చూశాడు. నాలుగు నెలలకు దావా పోయింది. తరువాత నేను కోర్టులో చేరాక ఆ కేసు కట్ట తీయించి మూడుసార్లు చదివాను. తీర్పులో నాకు తప్పు కనిపించలేదు. నాన్నకు చదివి వినిపించాను. "దండ వేశాడుగా" అన్నాడు. పోయేదాకా అదే మాట.

సుజాత_రోడ్‌ఐలాండ్:
క్లర్కుగారూ, ఇది మొదటే చెప్పి ఉంటే నేను ఇంత వాదించేదాన్ని కాదు. శాలువా మాట వెనక్కి తీసుకుంటున్నాను. జడ్జి బయటికి రావాలన్న మాట మాత్రం తీసుకోను.

పాత_బెంచిక్లర్కు:
రమ్మనండమ్మా. మన దగ్గర మండల న్యాయ సేవాధికార సంస్థ తరఫున జడ్జీలు ఊళ్లకు వచ్చి న్యాయ విజ్ఞాన సదస్సులు పెడతారు. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం కింద అది వాళ్ల పనే. నేను కుర్చీలు వేయించినవే చాలా ఉన్నాయి. దండ ఉండకూడదు, దాతల బ్యానరు ఉండకూడదు. లైబ్రరీ హాల్లో పెట్టండి, తెలుగువాళ్లకే కాకుండా ఊరందరికీ చెప్పండి. టికెట్ వస్తే ఏం చేయాలి, దుబాసీని ఎలా అడగాలి, కట్టలేకపోతే విడతలుగా కడతామని ఎలా కోరాలి, ఇవి చెప్పమనండి.

కొల్లేటి_పక్షి:
ఆదివారం కమిటీలో పెడతాను. కోర్టు అడ్మినిస్ట్రేటరుకు ముందు ఉత్తరం రాస్తాను. రవీ, నువ్వు కూడా రా.

రవి_ఎన్‌జె:
ఆలోచిస్తాను. మా ఆవిడ పక్కనుంచి ఇదంతా చదువుతోంది, తనే రాస్తానంటోంది.

రవి_ఎన్‌జె:
నేను రవిగారి భార్యని. జడ్జిగారి మీద నాకు కోపం లేదు. ఆ రోజు హాలు నిండా జనం, నా వెనక ఇంకా నలభై మంది ఉన్నారు. సదస్సు పెడితే ఈ ఒక్కటి అడగండి. ఒప్పుకున్నారా అని అడిగాక "ఇంకేమైనా చెప్పాలా" అని ఆయన అడగకపోతే, చెప్పొచ్చా అని మనం అడగొచ్చా? ఏ మాటతో మొదలుపెట్టాలి? కాగితం ఇంకా నా దగ్గరే ఉంది.