విన్చ్ బరువు లాగేటప్పుడు సర్క్యూట్ బ్రేకర్ పడిపోతోంది: ఎంత రేటింగు సరైనది?

నా ఆఫ్‌రోడ్ వాహనానికి ముందువైపు 12 వోల్టుల, 9,500 పౌండ్ల విన్చ్ (తాడు చుట్టి బండిని లాగే మోటారు యంత్రం) ఉంది. బ్యాటరీ నుంచి దాని వరకు 35 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్, పోను రెండున్నర మీటర్లు, రాను అంతే, వేసి, బ్యాటరీ పాజిటివ్ పక్కనే 250 ఆంపియర్ల థర్మల్ బ్రేకర్ (కరెంటు ఎక్కువై వేడెక్కితే తెగేది) పెట్టాను. ఖాళీగా తాడు చుట్టేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. బురదలో దిగబడిన బండిని లాగేటప్పుడు మాత్రం, ఇంజిన్ నడుస్తున్నా, దాదాపు 40 సెకన్లకు బ్రేకర్ పడిపోతోంది. ఆ సమయంలో క్లాంప్ మీటరు 340 ఆంపియర్లు చూపింది. వోల్టేజి బ్యాటరీ వద్ద 12.0, విన్చ్ వద్ద 10.9 ఉంది.

టెర్మినళ్లు శుభ్రం చేసి బిగించాను, నెగటివ్ కేబుల్‌ను ఛాసిస్‌కు కాక నేరుగా బ్యాటరీకి కలిపాను, అదే రేటింగు గల కొత్త బ్రేకర్ కూడా మార్చి చూశాను, ఫలితం మారలేదు. స్నాచ్ బ్లాక్‌తో (తాడును మళ్లించే కప్పీతో) తాడును రెండు పేటలు చేస్తే కరెంటు తగ్గి బ్రేకర్ నిలుస్తోంది, కానీ తాడు పొడవు అన్నిచోట్లా చాలదు. రక్షణ లేకుండా నేరుగా కలపడం నాకు సమ్మతం కాదు, ఎందుకంటే ఢీకొన్నప్పుడు బంపర్ వెనుక కేబుల్ నలిగితే మంటలు రావచ్చు.

ఈ కేబుల్‌నే ఉంచి, బరువు లాగేటప్పుడు పడిపోకుండా, షార్ట్ సర్క్యూట్ అయితే మాత్రం వెంటనే తెగేలా ఎన్ని ఆంపియర్ల ఫ్యూజు లేదా బ్రేకర్ వాడాలి?